గంగులు ఫైలు

ఆమదాలవలస,
6 ఆగస్టు 2012.

చిన్నాన్నకు బిందు నమస్కారాలు.

ఫోనులో నా మాట మీకు ఈగల రొదలాగా వినిపిస్తోందని పిన్ని చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. ఒక రకంగా ఇదే మేలు. మీరు ఫోనులో "అది నొక్కు, ఇది నొక్కు" అంటే మూడో మాటకే నేను దారి తప్పుతాను. కాగితం మీద వరసగా రాసి పంపితే మానిటర్‌కి ఆనించి పెట్టుకొని ఒక్కొక్కటీ చేస్తాను.

సంగతేమంటే, మన ఫోటో షాపు కంప్యూటర్లో ఒక ఫైలు పోవడం లేదు. డిలీట్ నొక్కితే చిన్న పెట్టె ఒకటి తెరుచుకొని, దీన్ని తీయలేను, డిస్కు నుంచి దీన్ని చదవలేకపోతున్నాను అంటోంది. ఓకే అంటే ఆ పెట్టె పోతుంది, ఫైలు మాత్రం అలాగే ఉంటుంది. నలభై సార్లు నొక్కి ఉంటాను. మెషీను ఆపి మళ్ళీ పెట్టాను. తిట్టాను కూడా.

ఫైలు మామూలుదే. పెద్ద విశేషం ఏమీ లేదు. కానీ త్వరగా పోవాలి. దారి ఏదైనా ఉంటే రాయండి. పిన్నిని అడిగానని చెప్పండి.

మీ బిందు

విజయనగరం,
9 ఆగస్టు 2012.

చి. బిందుకు చిన్నాన్న దీవెనలు.

మామూలు ఫైలు అయితే ఉండనియ్యి. నీ అన్నం తింటోందా? మెషీను మీద నేను రాసి అంటించిన చీటీ ఉందా, చింపేశావా? "ఏదీ తుడవరాదు" అని ఎర్ర సిరాతో రాశాను. నెగిటివుల రోజుల నుంచీ ఇరవై రెండేళ్ళు ఆ షాపు నడిపాను. ఒక్క మొహాన్నీ పారేయలేదు. పదేళ్ళ తర్వాత వచ్చి "మా నాన్న ఫోటో ఒక్కటీ లేదండీ" అన్నవాళ్ళకి తీసి ఇచ్చినప్పుడు వాళ్ళ మొహం నువ్వు చూడలేదు, నేను చూశాను.

అయినా నువ్వు పట్టుబడితే వదలవు కనక రాస్తున్నాను.

మొదట ఫోటోషాప్ పూర్తిగా మూసి, మెషీను మళ్ళీ పెట్టి, వేరే ఏదీ తెరవకుండా ముందు ఆ ఫైలు దగ్గరికే వెళ్ళి డిలీట్ చెయ్యి. ఒక్కోసారి ఫోటోషాప్ మూసినా లోపల ఫైలు చెయ్యి పట్టుకొని ఉంటుంది. అలా పోకపోతే, మెషీను లేచేటప్పుడు ఎఫ్ ఎనిమిది కొడుతూ ఉండు, సేఫ్ మోడ్ వస్తుంది, అందులో ప్రయత్నించు. అదీ కాకపోతే డిస్కుకే జబ్బు. డి డ్రైవ్ మీద కుడి బటన్, ప్రాపర్టీస్, టూల్స్, చెక్ నౌ. పూట పడుతుంది. మధ్యలో కరెంటు పోకుండా చూసుకో.

నా చెవుల సంగతి అలాగే ఉంది. మీ పిన్ని అన్నగారి బట్టల కొట్లో కూర్చుంటున్నాను. బేరాలు వినపడవు కనక ఎవరికీ తగ్గించి ఇవ్వనని ఆయనకి సంతోషం.

అసలు ఆ ఫైలు ఎవరిది?

బంగారురాజు

ఆమదాలవలస,
16 ఆగస్టు 2012.

చిన్నాన్నా,

మూడూ చేశాను. డిస్కు పరీక్ష పొద్దున్న పెడితే మధ్యాహ్నం భోజనం వేళకి అయింది. డిస్కు నిక్షేపంగా ఉందట. ఫైలూ నిక్షేపంగా ఉంది.

ఎవరిదని అడిగారు. గంగులుది. ఇసకలపేట నుంచి వచ్చి స్టేషను దగ్గర ఎండుచేపలు అమ్మే అమ్మడు మీకు తెలుసు కదా, ఆమె మొగుడు. వాళ్ళ పెళ్ళి ఫోటోలు మీరే తీశారు. జూలై తొమ్మిదిన, తోడు వెళ్ళే మనిషికి జ్వరం వస్తే, ఒక్కడే తెప్ప వేసుకొని వేటకి వెళ్ళాడు. రాలేదు. నలభై రోజులు కావస్తోంది.

అమ్మడు ఏడుస్తూ కూర్చోలేదు. మన దగ్గర "కనబడుట లేదు" అని తెలుగులో ఒక పోస్టరు, ఒడియాలో ఒక పోస్టరు వేయించింది. ఒడియా ముక్కలు రైల్లో తెలిసిన టీసీ గారి చేత రాయించుకొని వచ్చింది. గాలి ఉత్తరానికి ఉందట, తెప్ప కొట్టుకుపోతే అటే పోతుందట. రోజూ చేపల గంపతో పాటు మైదా జిగురు డబ్బా కూడా తెచ్చుకొని, బరంపురం వైపు వెళ్ళే ప్యాసింజరు పెట్టెల్లో తనే అంటిస్తోంది.

ఆ ఫైలు గంగులు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. దండ వేసి, పక్కన రెండు దీపాలు పెట్టి. అమ్మడు దాన్ని చూసింది. తీసేసే దాకా ఊరుకోనంటోంది. ఇంకా ఏదైనా దారి ఉంటే వెంటనే రాయండి.

బిందు

విజయనగరం,
20 ఆగస్టు 2012.

చి. బిందుకు,

గంగులు నాకు బాగా గుర్తు. పెళ్ళిలో తలపాగా మాటిమాటికీ కళ్ళ మీదికి జారుతుంటే ఒక్క ఫోటోకీ నిలకడగా నిలబడలేదు. మనసు బాధగా ఉంది.

కానీ తల్లీ, పెద్దవాడిగా ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. నలభై రోజులు సముద్రంలో మనిషి ఉండడు. ఇవాళ తుడవమంటుంది, రెండు నెలలు పోయాక వాళ్ళే వచ్చి అడుగుతారు. అప్పుడు మళ్ళీ మొదటి నుంచీ చేస్తావా? పని అయిపోయింది, ఒక మూల పడి ఉంటుంది, ఉండనియ్యి. ఆమెకి "తీసేశాను" అని చెప్పెయ్యి. కంప్యూటర్లో ఏముందో ఆమెకేం తెలుస్తుంది.

ఇంకొకటి. ఆ ఫ్లెక్సీకి ఆర్డరు ఎవరు ఇచ్చారు? నువ్వు రాయలేదు.

బంగారురాజు

ఆమదాలవలస,
25 ఆగస్టు 2012.

చిన్నాన్నా,

కోపం వచ్చింది. మీ మీద సగం, నా మీద సగం. మీరు చెప్పమన్న అబద్ధం నేను ఎప్పుడో చెప్పేశాను. ఆ తలనొప్పే ఇది.

ఆర్డరు ఎవరూ ఇవ్వలేదు. చావు పనులు ఎప్పుడూ హడావిడిగా వస్తాయి, కబురు తెలియగానే ఫోటో కత్తిరించి దండ వేసి ఉంచుకో, పేరూ తేదీ చివర్లో వేసుకోవచ్చు అని మీరే నేర్పారు. గంగులు వెళ్ళిన పదో రోజున బజారంతా ఇక లేడని చెప్పుకుంటుంటే నేను చేసి ఉంచాను. జూలై ముప్పైన అమ్మడు పోస్టర్ల కోసం వచ్చింది. గంగులు ఫోటో కోసం ఫోల్డరు తెరిచాను. పెళ్ళి ఫోటోల పక్కనే దండతో ఉన్న బొమ్మ కనబడింది. ఆమె అరవలేదు. తెర మీద వేలు పెట్టి "ఇదేటి?" అంది. నేను దాన్ని మూయబోయాను. "తీసీ. ఇప్పుడే తీసీ" అంది.

తీసేస్తున్నట్టు నటించాను. మీ ఎర్ర సిరా చీటీ ఎదురుగా ఉంది, రేపు అవసరం పడుతుందన్న ఆలోచనా ఉంది. ఆ ఫోల్డరు మొత్తాన్ని లాగి మీ పాత పనుల్లో, అడుగున ఎక్కడో పడేసి, "పోయింది" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకొని దణ్ణం పెట్టి వెళ్ళింది. ఇది రాస్తుంటే సిగ్గుతో చెవులు వేడెక్కుతున్నాయి.

ఆగస్టు నాలుగున ఇంకో పోస్టరుకి వచ్చి, ఫోటో కాస్త పెద్దది కావాలంది. గంగులు పేరు కొట్టి వెతికాను. జాబితాలో "గంగులు శ్రద్ధాంజలి" అని ఇంగ్లీషు అక్షరాల్లో అదీ వచ్చింది. అమ్మడు ఏడో తరగతి దాకా చదివింది, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటుంది. చదివింది. "పోయిందన్నావు కదమ్మా" అంది, అంతే. అప్పుడు నిజంగానే డిలీట్ నొక్కాను. పోలేదు. పెళ్ళి ఫోటోలు కూడా తెరుచుకోవడం లేదు. ఈసారి నేను నాటకం ఆడటం లేదంటే ఆమె ఎందుకు నమ్ముతుంది?

అప్పటి నుంచి రోజూ గంప ఖాళీ చేసుకొని వచ్చి మన గుమ్మంలో కూర్చుంటోంది. "పోయిందా?" అంటుంది. లేదంటే "రేపొస్తాను" అంటుంది. ఇంతలో ఈ సంగతి ఆమె బావ, గంగులు అన్న లక్ష్ముడికి తెలిసింది. పెద్దలతో కూర్చొని దినం పెట్టిద్దామంటున్నాడట. "ఫోటోకి దండేసీసినారు, తీద్దామన్నా ఆ పెట్టి ఒదల్నేదు, ఇంక నీకేటి గావాల?" అని అమ్మడితో అన్నాడట. నేను అడగకుండా చేసిన బొమ్మ ఆమె గాజులు తీయించేదాకా వచ్చింది చిన్నాన్నా. ఆ ఫైలు పోవాలి. చేతకాకపోతే హార్డ్ డిస్కు ఊడదీసి సుత్తితో కొడతాను, మీ ఇరవై రెండేళ్ళూ దాంతోపాటే పోతాయి. బెదిరింపు అనుకోండి.

ఫైలు ఇప్పుడు ఎక్కడుందో, పైన పట్టీలో కనబడే అడ్రసు మొత్తం వెనక కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో దించాను. ఒక పేజీ పట్టింది. మీ ఫోల్డర్ల పేర్లు పేర్లు కావు, వంశవృక్షాలు.

బిందు

విజయనగరం,
28 ఆగస్టు 2012.

అమ్మా బిందూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ పిన్ని కూడా చదివి నాతో ఆ పూట మాట్లాడలేదు. మాట్లాడినా వినపడదు కనక నాకు తేడా తెలియలేదని ఇంకా కోపం.

ముందు తప్పు ఒప్పుకుంటాను. అబద్ధం చెప్పెయ్యమని రాయకూడదు. అడగకముందే దండ వేసి ఉంచమని నేర్పడమూ తప్పే. ఇన్నేళ్ళూ దాన్ని చురుకుదనం అనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు దించిన అడ్రసులో అక్షరాలు, ఖాళీలు, గీతలు అన్నీ పెన్సిలుతో చుక్క పెడుతూ లెక్కపెట్టాను. రెండు వందల ఎనభై మూడు. ఇక్కడ నెట్ సెంటరులో కూర్చొని వెతికితే తెలిసింది. మన విండోసు ఒక ఫైలు అడ్రసుని సుమారు రెండు వందల అరవై అక్షరాల దాకానే చదవగలదట. అంతకు మించితే పేరు చూపిస్తుంది కానీ, తెరవలేదు, తీయలేదు. నువ్వు మొదట చేసినప్పుడు ఫైలు పైపైనే ఉంది కనక అడ్రసు చిన్నది. దాచడానికి తీసుకెళ్ళి నా పొడుగు పేర్ల అడుగున పడేశావు. అక్కడితో అది మెషీను చేతికి అందకుండా పోయింది. అంటే దాచబట్టే తుడవలేకపోతున్నావు.

ఆ పొడుగు పేర్లు నావే. ఎందుకో నీకు ఎప్పుడూ చెప్పలేదు. 2007లో అప్పలసూరి అనే ఆయన పోయాడని ఫ్లెక్సీ అడిగారు. మన దగ్గర ఏడుగురు అప్పలసూరులు ఉన్నారు. ఒకరి బదులు ఇంకొకరి ఫోటో వేశాను. మర్నాడు ఆ బతికున్న అప్పలసూరి సంతకు వచ్చి, జంక్షన్లో తన శ్రద్ధాంజలి తనే చదువుకొని, తిన్నగా షాపుకొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "బంగారయ్యా, నానెప్పుడు పోయినాను?" అన్నాడు. మంచినీళ్ళిస్తే తాగలేదు. ఆ రోజు నుంచి ప్రతి ఫోల్డరు మీదా ఊరు, వీధి, తండ్రి, అన్న, అన్నీ రాశాను. ఇంకెవరినీ బతికుండగా చంపకూడదనే రాశాను. చూడు, అదే ఇప్పుడు గంగులు మెడకి చుట్టుకుంది.

విరుగుడు సుళువు. ఫైలు జోలికి వెళ్ళకు. అన్నిటికన్నా పైన ఉన్న ఫోల్డరుతో మొదలుపెట్టు. దాని మీద ఎఫ్ రెండు కొట్టి, పేరంతా తీసి, "1" అని పెట్టు. లోపలికి వెళ్ళి తర్వాతిదాన్ని "2" చెయ్యి. అలా దిగుతూ వెళ్ళు. అడ్రసు పొట్టిదయ్యేసరికి ఫైలు మామూలు ఫైలైపోతుంది. షిఫ్ట్ పట్టుకొని డిలీట్ కొట్టు, చెత్తబుట్టలోకి కూడా వెళ్ళదు. అమ్మడిని పక్కన కూర్చోబెట్టుకొని చెయ్యి.

ఒకటి దాచను. జూలై ఇరవై ఐదున నేను వచ్చినప్పుడు, బజారు మాట నా చెవిన పడలేదు కానీ, షాపు ఫైళ్ళన్నీ నా డిస్కులోకి ఎక్కించుకున్నాను. ఆ బొమ్మ అందులోనూ ఉంటుంది. అది ఎవరికీ చూపించను. కానీ తుడవను. ఇరవై రెండేళ్ళ అలవాటు, నా వల్ల కాదు.

బంగారురాజు

ఆమదాలవలస,
1 సెప్టెంబరు 2012.

చిన్నాన్నా,

పోయింది.

నిన్న మధ్యాహ్నం అమ్మడిని లోపలికి పిలిచి, మీ ఉత్తరం తెలుగులో ఉంది కనక ఆమెనే చదవమన్నాను. అంతా చదివింది, అప్పలసూరి కథతో సహా. నవ్వింది. ఆమె నవ్వగా చూసి రెండు నెలలైంది.

పై ఫోల్డరు "1" చేశాను. రెండోది, సముద్రం వైపు ఊళ్ళన్నీ ఉన్నది, "2" చేశాను. మూడోది ఇసకలపేట. కొట్టేస్తుంటే నా మోచెయ్యి పట్టుకుంది. "ఊరు తీసీసినావేటి?" అంది. కంప్యూటర్లోనే, మళ్ళీ పెడతానన్నాను. నాలుగోది వీధి, ఐదోది తండ్రి నూకయ్య పేరుతో ఉన్నది. "మావ పేరూ తియ్యాలేటి?" అంది. తీశాను. ఆరోది గంగులు ఫోల్డరు. అప్పటికే అడ్రసు సగానికి పైగా తగ్గింది. "దీన్ని ముట్టుకోనక్కర్లేదు, సరిపోయింది" అన్నాను. "ఆడి పేరు తియ్యక్కర్నేదా?" అని రెండుసార్లు అడిగింది. అక్కర్లేదని రెండుసార్లు చెప్పాను.

ముందు పెళ్ళి ఫోటోలు తెరుచుకున్నాయి. పద్నాలుగూ చూసింది. తర్వాత ఆ ఫైలు. షిఫ్ట్ మీద నా వేలు పెట్టి, డిలీట్ ఆమెనే నొక్కమన్నాను. నిజంగా తీసేయనా అని కంప్యూటర్ అడిగితే "సెప్పినాను కదా" అని దాన్ని గదిమి, నొక్కింది. వెతికాను. జాబితాలో లేదు. మళ్ళీ వెతకమంది, వెతికాను. అప్పుడు గానీ లేవలేదు. నేను క్షమించమని అడిగాను. "ఇంక నాకు తెలీకుండా ఆడినేటీ సెయ్యకు" అంది. చెయ్యనని మాటిచ్చాను. ఫోల్డర్లకి పేర్లు మళ్ళీ పెట్టాను, ఈసారి ఊరూ పేరూ మాత్రమే.

మీ డిస్కులో ఉందని ఆమెకి తెలిసింది. ఉత్తరంలోనే చదివింది కనక దాచడానికి లేదు. "ఆ బాబు ముసలోడు, ఆయన్ని నానేటంటాను" అంది. మీరు ఏమైనా అనుకోండి, ఆ మాటకి నాకు మీ తరఫున సిగ్గు వేసింది. తుడవండి.

బిందు

విజయనగరం,
18 అక్టోబరు 2012.

చి. బిందుకు,

నెలన్నర జవాబు రాయలేదు. రాయడానికి మొహం లేదు.

మొన్న లక్ష్ముడు ఇక్కడికి వచ్చాడు. మన షాపులో నువ్వు ఫ్లెక్సీ చేయనని తిప్పి పంపావట, అమ్మడు వచ్చి అడిగితేనే చేస్తానన్నావట. బయట చేయిద్దామంటే పోస్టరు మీది తప్ప ఫోటో దొరకలేదట, అది పెద్దది చేస్తే మసకగా వస్తుందన్నారట. నా దగ్గర ఒకటి ఉందని అమ్మడే ఇంట్లో ఎప్పుడో అందట, అది పట్టుకొని వచ్చాడు. నాకు వినపడదని చెవి దగ్గర అరిచాడు, కొట్లో కొనడానికి వచ్చినవాళ్ళందరూ ఆగి చూశారు.

వాడిని నేను దుర్మార్గుడనుకున్నాను. కాదు. వాళ్ళమ్మ మరిడమ్మ పొద్దున్నే వెళ్ళి ఒడ్డున కూర్చుంటుందట, చీకటి పడితేగానీ రాదట. "ఏదోటి తేలిపోతే లేసి ఇంటికొస్తాది బాబూ, నేకపోతే అమ్మ కూడా పోతాది" అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు కూడా లేదు, కొట్లోదే ఒకటి ఇచ్చాను.

డిస్కు తెచ్చి కొట్లో బిల్లుల కంప్యూటర్‌కి తగిలించాను. బొమ్మ తెరిచి వాడికి చూపించాను. తమ్ముడిని అలా చూసి వాడు వెనక్కి జరిగాడు. "ఇది అమ్మడు అడగలేదు, మీ అమ్మ అడగలేదు, నువ్వూ అప్పుడు అడగలేదు. మా ఇంట్లో మేము చేసుకున్న తప్పు" అని చెప్పి, వాడి ముందే తుడిచాను. నా జన్మలో తుడిచిన మొదటి బొమ్మ అదే.

"అమ్మడు ఒక్క మాట చెబితే నేనే వచ్చి నా చేత్తో చేసి ఇస్తాను, అప్పటిదాకా మా వాళ్ళెవరూ చేయరు" అన్నాను. వెళ్ళేటప్పుడు, పోస్టర్లు ఉంటే కొన్ని ఇమ్మన్నాడు, విజయనగరం స్టేషనులో అంటిస్తానని. నా దగ్గర లేవు. ఒక కట్ట పంపు.

బంగారురాజు

ఆమదాలవలస,
11 ఫిబ్రవరి 2013.

చిన్నాన్నా,

పోయిన నెలాఖరున ఒడిశాలో గోపాలపురం అవతల ఒక చేపల పల్లె నుంచి అమ్మడికి ఫోను వచ్చింది. రైల్లో ఒడియా పోస్టరు చూసినవాళ్ళు. సముద్రం ఒడ్డుకి ఒక నీళ్ళ డబ్బా కొట్టుకొచ్చిందని, మూతకి చీర పేలిక కట్టి ఉందని చెప్పారట. అమ్మడూ లక్ష్ముడూ రైలెక్కి వెళ్ళారు. పేలిక తనదే. ముడి కూడా తను వేసిందే, తెప్ప ఊగినా ఊడకుండా మూడు చుట్లు. తన చేత్తోనే విప్పి తెచ్చుకుంది. తెప్ప ముక్క కూడా అక్కడే ఉంది. మనిషి లేడు.

తిరిగొచ్చాక వారం రోజులు స్టేషను వైపు రాలేదు. ఇవాళ పొద్దున్న గంప లేకుండా షాపుకొచ్చింది. వెనక లక్ష్ముడూ మరిడమ్మా ఉన్నారు, వాళ్ళు గుమ్మంలోనే ఆగారు. అమ్మడు లోపలికి వచ్చి నా పక్క స్టూలు మీద కూర్చుంది.

"బిందమ్మా, ఇంక సెయ్యి" అంది.

మీరు వచ్చి చేస్తానన్నారని గుర్తు చేశాను. కబురు పెడతానన్నాను. "ఒద్దు, నువ్వే సెయ్యి. నాను సూస్తాను" అంది. ముందే చేసి ఉంచింది ఏదీ లేదు కనక మొదటి నుంచీ మొదలుపెట్టాను. ఫోటో ఆమె ఎంచింది. పెళ్ళిలో తలపాగా కళ్ళ మీదికి జారుతుంటే చేత్తో ఎత్తిపట్టుకొని నవ్వుతున్నది. దండ చిన్నదిగా వేయమంది. దీపాలు వద్దంది.

పేరు టైపు చేశాను. తర్వాత తేదీ రావాలి. అడగక తప్పదు కనక అడిగాను. లక్ష్ముడు గుమ్మంలోంచి "జూలై తొమ్మిది ఏసీమ్మా" అన్నాడు. అమ్మడు తల అడ్డంగా ఊపింది.

"అది ఆడు ఎల్లిన రోజు. పోయిన రోజు ఎవుడికి తెలుసు? ఇయ్యాల్టి తేదీ ఎయ్యి. ఇయ్యాల నాను ఒప్పుకున్నాను."

ఇవాళ్టి తేదీ వేశాను.

బిందు